ఎడం పక్క అద్దం

నర్సీపట్నంలో నూకరాజు మేస్త్రీ దగ్గర మోటారు పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఆయన అలవాటొకటి తెలుసు. ఇంజను గురించి ఏది అడిగినా వెంటనే చెబుతాడు. మంచిచెడ్డల గురించి అడిగితే మాత్రం తిన్నగా జవాబివ్వడు. ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటాడు. అది పూర్తయ్యాక, అడిగినవాడికి అర్థమైందా లేదా అని మొహం కూడా చూడడు.

సన్యాసిరావు ఆయన పాత శిష్యుడు. నలభై దాటినవాడు, చోడవరంలో పదేళ్ళుగా సొంత షెడ్డు నడుపుకుంటున్నవాడు. ఒకనాటి మధ్యాహ్నం ఏదో సామాను కోసం వచ్చినట్టుగా వచ్చి, గురువుగారి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఆ బండి సంగతీ ఈ బండి సంగతీ మాట్లాడి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"గురువుగారూ, ఇంజను చల్లబరిచే కూలెంట్ తగ్గిపోయిందని ఎదర దీపం వెలుగుతుంటాది. బండాయన వచ్చి, కారణం తరవాత చూద్దాం, ముందా దీపం ఆర్పీ అంటాడు. బండి అతనిది, ఇష్టం అతనిది. ఆర్పి ఇచ్చేత్తే మనది తప్పవుద్దేటి?"

మేస్త్రీ చేతిలోని పానా కింద పెట్టాడు. తర్వాత, "హైమవతి డాక్టరమ్మని నువ్వెరగవు. నువ్వు చోడవరం వెళ్ళిపోయాక జరిగింది ఇది," అన్నాడు. ఆయన కళ్ళారా చూసినదీ, ఆ తర్వాత డాక్టరమ్మ షెడ్డులో బల్లమీద కూర్చుని ఆయనకు చెప్పుకున్నదీ కలిపితే ఆ సంగతి ఇలా ఉంటుంది.

హైమవతి చింతపల్లిలో పశువుల డాక్టరు. యాభై మూడేళ్ళ మనిషి. మన్యంలో ఏ ఊళ్ళో ఏ ఆవు చూడితో ఉందో ఆవిడకు తెలుసు. నోరులేని జీవాల కంట్లో తడి చూసి, ముట్టె మీద వేడి చూసి జబ్బు పోల్చడం ఆవిడ వృత్తి. భర్త సోమశేఖరం లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు చక్కెర జబ్బు ఉండేది. అయినా చొక్కా జేబులో చిన్న బెల్లం ముక్క దాచుకోవడం మానలేదు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేది. పిల్లల్లేరు. ఇద్దరూ ఒకరికొకరు అలవాటైపోయిన మనుషులు.

ఒక పుష్యమాసం పొద్దున్న ఆయన గుండె బరువుగా ఉందన్నాడు. ఆవిడ ఆయన్ను కారులో ఎడం పక్క సీట్లో కూర్చోబెట్టి, శాలువా కప్పి, నర్సీపట్నం బయల్దేరింది. లంబసింగి దాటి ఘాట్ దిగడం మొదలుపెట్టేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, బోనెట్టు కొస కూడా కనిపించలేదు. "కాసేపు కళ్ళు మూసుకుంటాను. నువ్వు దారి చూసుకో," అన్నాడాయన. ఆవిడ దారే చూసుకుంది. యాభై నిమిషాల సేపు తల ఎడమ వైపు తిప్పలేదు. ఆయన భయపడకూడదని ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది. కొత్తగా ఈనిన గేదె గురించి, పెరట్లో కాయని నిమ్మచెట్టు గురించి. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆయన ఊఁ కొట్టినట్టే అనిపించింది. ఆస్పత్రి గేటు ముందు బండి ఆపి, "లేవండి, వచ్చేశాం," అంది. లోపలి నుంచి వచ్చిన డాక్టరు ఆయన మణికట్టు పట్టుకుని చూసి, ప్రాణం పోయి చాలాసేపయిందమ్మా అన్నాడు.

అంటే ఆ ఘాట్ రోడ్డులో ఏదో ఒక మలుపు దాకా ఆవిడ బతికున్న మనిషితో మాట్లాడింది. ఆ తర్వాత ఎవరితో మాట్లాడిందో ఆవిడకు తెలియదు. ఏ మలుపన్నదీ తెలియదు.

కారు పది నెలలు టార్పాలిన్ కింద పడి ఉంది. ఆవిడ ఆఫీసు జీపులోనే తిరిగింది. కార్తీకంలో జీపు మూలపడితే, ఇక తప్పక టార్పాలిన్ తీసి కారు బయటికి తెచ్చింది. బ్యాటరీ మార్పించింది. టైర్లకు గాలి పట్టించింది. లోపల మాత్రం ఏదీ తుడవలేదు, దులపలేదు. నాలుగో రోజున, కొండ ఎక్కుతుండగా, స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. ఒక చిన్న డబ్బా బొమ్మ, దాని కింద రెండు అలలు. పుస్తకం తీసి చూస్తే కూలెంట్ తగ్గిందని రాసి ఉంది. బోనెట్టు ఎత్తి చూసింది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు అడుగు గీత కంటే కిందికి దిగి ఉన్నాయి. నింపింది. దీపం ఆరింది. మూడు రోజులకు మళ్ళీ వెలిగింది. ఈసారి బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచింది. తెల్లారి చూస్తే అట్ట పొడిగా, పరిచింది పరిచినట్టే ఉంది. డబ్బాలో నీళ్ళు మాత్రం వేలెడు తగ్గాయి.

అప్పటి నుంచి మిగతావి ఒక్కొక్కటే మొదలయ్యాయి. ముందు వాసన వచ్చింది. కారు తలుపు తీయగానే బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నట్టు తీయటి వాసన. సీటు కింద ఆయన జేబులోంచి జారిన ముక్క ఏదైనా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. తర్వాత తడి. ఎడం పక్క సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట పరిచిన పట్టా తడిసి ఉంది. తీసి గోడ మీద ఆరేసింది. మర్నాడు ఆ చోటు మళ్ళీ తడిసింది. ఆ సీట్లో ఎవరూ కూర్చోవడం లేదు. వాన పడి నెల రోజులయింది. ఆవిడ కంపౌండరు బంగారయ్య వెనక సీట్లో టీకాల పెట్టెల పక్కన ఒదిగి కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడతో ఊళ్ళు తిరుగుతున్నవాడు, నెమ్మదస్తుడు. అతనే ఒకసారి ముందుకు వంగి చూసి, "అమ్మా, అక్కడ తడేటమ్మా?" అన్నాడు. కిటికీ వెయ్యడం మర్చిపోయానని చెప్పింది. అతను ఇంకేమీ అడగలేదు.

చివరికి అద్దం. మార్గశిరం చలిలో ఒక పొద్దున్న బండి నడుపుతుండగా ఎదుటి అద్దం లోపలి వైపు మసకబారింది. తన వైపు కాదు, ఎడం పక్కనే. ఎవరో దగ్గరగా కూర్చుని ఊపిరి వదులుతున్నట్టు ఆ మసక అక్కడ మొదలై మెల్లగా పెరిగింది. పెరిగి పెరిగి, ఒకచోట మాత్రం అంటకుండా ఆగిపోయింది. ఆ ఖాళీకి ఒక ఆకారం ఉంది. అరచెయ్యి, నాలుగు వేళ్ళు. చిటికెన వేలు మధ్య కణుపు దగ్గర బయటికి వంగి ఉంది. సోమశేఖరం చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడితే ఆ వేలు విరిగి వంకరగానే అతుక్కుంది.

హైమవతి బండి పక్కకు ఆపింది. చదువుకున్న మనిషి. ఎప్పటిదో చేతి జిడ్డు అద్దానికి అంటుకుని ఉంటే ఆవిరి అక్కడ నిలవదని ఆవిడకు తెలుసు. ఆవిడను కూలబెట్టింది అది కాదు. ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళిన పొద్దున్న, ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆ అద్దాన్ని లోపలా బయటా తుడిచింది తనే. అంటే ఆ చెయ్యి దారిలో పడింది. ఆయన చెయ్యెత్తాడు. అద్దం మీద ఆనించాడు. తనను పిలిచాడేమో. తను మాత్రం గేదె గురించి మాట్లాడుతూ దారి చూసుకుంటోంది.

ఆ మచ్చను ఆవిడ తుడవలేదు. ఎవర్నీ తుడవనివ్వలేదు. రోజూ పొద్దున్నే బండెక్కి, అద్దం మసకబారే దాకా ఇంజను నడుపుతూ కూర్చునేది. చెయ్యి కనిపించాక బయల్దేరేది. దారిలో మాట్లాడేది కూడా. వెనక సీట్లో బంగారయ్య కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు ఉండేవాడు. అన్నిటికీ అలవాటుపడింది గానీ, ఆ ఎర్రదీపం ఒక్కటే ఆవిడకు కంట్లో నలుసైంది. నీళ్ళు నింపితే ఆరుతుంది, నాలుగు రోజులకు మళ్ళీ వెలుగుతుంది. అలా వెలిగిన ఒక రోజున ఘాట్ దిగి నూకరాజు మేస్త్రీ షెడ్డు ముందు బండి ఆపింది.

"నూకరాజూ, ఈ దీపం ఒక్కటి ఆర్పిపెట్టు. ఇంకేమీ ముట్టుకోవద్దు," అంది.

మేస్త్రీ అయినా బోనెట్టు ఎత్తాడు. అది చేతులకున్న అలవాటు. డబ్బా చూశాడు. కింద దూరి పైపులు తడిమాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. పంపు తగిలించి నీళ్ళ దారిలోకి గాలి కొట్టి, పంపు మీది ఒత్తిడి ముల్లు వంక చూస్తూ నిలబడ్డాడు. ముల్లు మెల్లగా పడిపోతోంది, బయట చుక్క కనిపించడం లేదు. నీళ్ళు పోతున్నాయి, బయటికి పోవడం లేదు. అంటే లోపలికే పోతున్నాయి. ఆవిడ "అటు వద్దు" అంటుండగానే ఎడం పక్క తలుపు తీసి, పట్టాను వేళ్ళతో నొక్కి వాసన చూశాడు.

"అమ్మా, డాష్‌బోర్డు ఎనకాల హీటరుకి చిన్న రేడియేటరుంటాది. అది కారతంది. ఈ తడీ, ఈ తియ్యటి వాసనా, అద్దం మీద ఆ పొగా అన్నీ దాని పనే. మూడ్రోజులు బండి వదిలేత్తే విప్పి మార్చేత్తాను. అంత టైం లేదంటే, అరగంటలో పైపులు కలిపేసి దాన్ని తప్పించేత్తాను."

ఆవిడ ఎడం పక్క అద్దం వంక చూసింది. "అలా చేస్తే ఇవన్నీ పోతాయా?" అంది.

"పోతాయమ్మా."

"అద్దం మీద పొగ కూడా?"

"చుక్క కూడా ఉండదు."

"అయితే వద్దు. ఈ బండిలో ఇన్ని ఉన్నాయి నూకరాజూ. వాటన్నిట్లోనూ ఇది జబ్బని చెప్పేది ఆ దీపం ఒక్కటే. దాన్ని ఆర్పెయ్."

మేస్త్రీ ఆవిడ మొహం వంక చూశాడు. వాదించదగ్గ మొహంలా కనిపించలేదు. డబ్బా అడుగున నీళ్ళ మట్టం కనిపెట్టే చిన్న పరికరం ఉంటుంది. దాన్నుంచి రెండు తీగలు వస్తాయి. ఆ రెంటినీ ఒకదానికొకటి కలిపేస్తే, డబ్బా ఎండిపోయినా సరే, నీళ్ళున్నాయనే బండి అనుకుంటుంది. ఆయన కలిపి నల్లటేపు చుట్టాడు. మూడు నిమిషాల పని. దీపం ఆరింది. "రోజూ పొద్దున్నే నీళ్ళు చూసుకోండమ్మా. వేడి ముల్లు మీద కన్నేసి ఉంచండి," అన్నాడు. నీళ్ళు బొత్తిగా లేకుండా పోతే ఆ ముల్లు కూడా నిజం చెప్పదన్న సంగతి ఆయనకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు. ఆవిడ మొహంలో కనిపించిన నెమ్మది చూసి, ఇక చెప్పబుద్ధి కాలేదు.

పద్దెనిమిది రోజులు బాగానే గడిచాయి. పంతొమ్మిదో రోజు పొద్దున్న చింతపల్లి అవతల లోతట్టు ఊళ్ళో టీకాలు వేస్తుంటే, ఒక ఎద్దు తాడు తెంపుకుని తల విసిరింది. కొమ్ము బంగారయ్య కడుపులో దిగింది. అతను కింద పడకుండా రెండు చేతులతో పొట్ట పట్టుకుని నిలబడి, "ఏటీ లేదమ్మా, ఏటీ లేదు," అంటూనే ఉన్నాడు. చేతుల సందుల్లోంచి రక్తం కారుతోంది. ఫోను పలికే చోటు కోసం ఒకడు కొండ మీదికి పరుగెత్తి, అంబులెన్సు వేరే ఊరు వెళ్ళిందట, రావడానికి రెండు గంటలు పడుతుందట అని కబురు మోసుకొచ్చాడు. హైమవతి తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి, అతని రెండు చేతులూ దాని మీద పెట్టించింది. "ఇవి తియ్యకు. ఏం జరిగినా తియ్యకు," అంది. అతన్ని వెల్లకిలా వాల్చగలిగిన సీటు బండిలో ఒకటే ఉంది. ఎడం పక్క తలుపు పిడి పట్టుకుని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత తలుపు తీసి, సీటు వెనక్కి వాల్చి, బంగారయ్యను పడుకోబెట్టింది.

ఆ పొద్దున్న తొందరలో ఆవిడ నీళ్ళు చూసుకోలేదు. లంబసింగి వరకూ బండిని ఆపకుండా ఎక్కించింది. పదిగంటలైనా మంచు విడలేదు. ఘాట్ దిగడం మొదలుపెడుతూ స్టీరింగు వెనక చూసింది. వేడి ముల్లు కిందనే ఉంది. ఎర్రదీపం లేదు. దాన్ని ఆర్పించింది తనేనని తెలిసి కూడా, వెలగని ఆ చోటు చూసి మనసు ఎక్కడో ధైర్యం తెచ్చుకుంది.

మూడో మలుపులో డాష్‌బోర్డు కింద ఏదో పగిలిన చప్పుడైంది. వెంటనే సలసల కాగే నీళ్ళు బంగారయ్య పాదాల మీద పడ్డాయి. అతను కేక పెట్టాడు. బుస్సుమని లేచిన ఆవిరి ఒక్క లిప్తలో అద్దాలన్నిటినీ తెల్లగా కప్పేసింది. బయట మంచు, లోపల ఆవిరి. పాకం వాసన గొంతుకు అడ్డం పడింది. ఆ తెలుపులో ఎదురుగా కనిపిస్తున్నది ఒక్కటే, వంకర చిటికెన వేలున్న చెయ్యి. ఆ వేళ్ళ సందుల్లోంచి కూడా తెలుపే కనిపిస్తోంది. ఆవిడ బ్రేకు తొక్కింది. దారి ఏ వైపు తిరుగుతోందో తెలియడం లేదు. బండి ఇంకా జారుతోంది.

"దారి చూసుకో."

మాట ఎడం పక్క నుంచి వచ్చింది, నిమ్మళంగా. ఆ వెంటనే ఒక అరచెయ్యి అద్దం మీద ఎడమ కొస నుంచి ఆవిడ ఎదుటి దాకా ఒక్క ఊపున తుడిచింది. అర్ధచంద్రంలా తేటపడిన ఆ జాగాలో రోడ్డు వార సున్నం కొట్టిన రాయి కనిపించింది. రాయి అవతల ఏమీ లేదు. ఆవిడ స్టీరింగు బలంకొద్దీ కుడికి తిప్పింది. ముందు చక్రం రాయిని ఒరుసుకుని ఆగింది. ఇంజను దానంతటదే చచ్చిపోయింది.

"సమయానికి తుడిచావు బంగారయ్యా," అంది ఆవిడ, ఎటూ చూడకుండా. జవాబు రాలేదు. చూస్తే అతను కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. ఊపిరి ఉంది. ఇంజను మళ్ళీ పలకదని ఆవిడకు అర్థమైంది. ఆ మంచులో సాయం కోసం ఎదురుచూస్తే అతను దక్కడనీ అర్థమైంది. అద్దాలు దించి, గేరు తప్పించి, బండిని పల్లానికి వదిలింది. ఇంజను లేని బండికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. రెండు కాళ్ళూ దాని మీద పెట్టి, మలుపు తర్వాత మలుపు, ఆ తుడిచిన జాగాలోంచే చూస్తూ దింపింది. ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. ఎదుటి అద్దంలో మిగతా భాగం, వెనక అద్దం మళ్ళీ మళ్ళీ మసకబారుతున్నాయి. ఆ అర్ధచంద్రం మాత్రం మసకబారలేదు. ఈసారి ఆవిడ ప్రతి మలుపులోనూ తల తిప్పి ఎడం పక్కకు చూసింది. "బంగారయ్యా, ఉన్నావా?" అని అడిగింది. అతను ప్రతిసారీ మూలిగాడు. ఘాట్ కింద ఊళ్ళో అరటిగెలల లారీ డ్రైవరు తన బండి ఆపి, ఇద్దరినీ ఎక్కించుకుని ఆస్పత్రికి చేర్చాడు.

బంగారయ్య బతికాడు. నాలుగో రోజు మంచం పక్కన కూర్చుని హైమవతి, "నువ్వు అద్దం తుడవకపోతే ఇద్దరం లోయలో ఉండేవాళ్ళం," అంది.

అతను వింతగా చూశాడు. "నేను తుడవడమేటమ్మా? చెయ్యి తియ్యొద్దన్నారు కదా, తియ్యలేదు. ఇక్కడికొచ్చాక నర్సమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తువ్వాలు తీసింది. అద్దం మీరే తుడుచుకున్నారనుకున్నాను. దారి చూసుకో అని మీలో మీరే అనుకున్నారు కదా."

"ఆ మాట నీకు వినబడిందా?"

"వినబడిందమ్మా."

ఆవిడకు అప్పుడు తట్టింది. ఇరవై ఏళ్ళలో బంగారయ్య తనను ఒక్కసారి కూడా నువ్వని అనలేదు. అతనే అని ఉంటే, దారి చూసుకోండమ్మా అనేవాడు. ఒంటి మీద వేడి నీళ్ళు పడ్డా సరే, అలాగే అనేవాడు.

బండిని తాడు కట్టి లాక్కొచ్చింది నూకరాజు మేస్త్రీయే. తలుపు తీసి చూశాడు. సీటు మీద, తలుపు పిడి మీద, బెల్టు మీద, పైకప్పు మీద కూడా రక్తం ఎండి నల్లబడి ఉంది. ఎదుటి అద్దం నిండా ఆవిరి ఆరిపోయి బంకబంకగా తెల్లటి పొర కట్టింది. దాని మధ్య అర్ధచంద్రంలా తుడిచిన జాగా మాత్రం కొత్త అద్దంలా ఉంది. ఆయన దీపం పట్టుకుని అంచు వెంట అంగుళం అంగుళం చూశాడు. అక్కడ రక్తపు చుక్క లేదు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. డాక్టరమ్మకు కబురు పెట్టాడు.

ఆవిడ వచ్చి అద్దం ముందు నిలబడింది. ఇన్నాళ్ళూ కాపాడుకున్న చేతి మచ్చ ఆ తుడుపులోనే పోయింది. వేళ్ళు లేవు, వంకర చిటికెన వేలు లేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే నిలబడింది. తర్వాత తడిగుడ్డ అడిగి తీసుకుని, మిగిలిన అద్దం తనే కొస నుంచి కొస దాకా తుడిచింది. అప్పుడు బల్ల మీద కూర్చుని, ఇదంతా ఆయనకు చెప్పింది. "ఏ మలుపులో పోయారో అని ఏడాదిగా ఆ రోడ్డంతా వెతుకుతున్నాను నూకరాజూ. చెయ్యెత్తింది నన్ను పిలవడానికే అనుకున్నాను. ఆవేళ కూడా మంచే కదా. అద్దం మసకబారి ఉంటుంది. నాకు దారి కనపడ్డం లేదని తుడవబోయారేమో," అంది. కాసేపటికి లేచి, "అన్నీ విప్పి బాగుచెయ్యి. ఆ తీగలు కూడా విడదియ్యి," అని చెప్పి వెళ్ళింది.

మేస్త్రీ అలాగే చేశాడు. అప్పటి నుంచి దీపం ఎప్పుడు వెలిగినా ఆవిడ ఎక్కడుంటే అక్కడే బండి ఆపుతుంది. ఎడం పక్క సీట్లో ఇప్పుడు బంగారయ్య కూర్చుంటాడు. కడుపులో గాయం మానింది గానీ, కాలిన పాదాల చర్మం ముడుతలు పడి బిగుసుకుపోయింది. చెప్పులు తప్ప బూట్లు వేసుకోలేడు. కొంచెం కుంటుతూ నడుస్తాడు. సంతరోజున అతను షెడ్డు ముందు నుంచి వెళితే, ఎంత పనిలో ఉన్నా మేస్త్రీ లేచి నిలబడతాడు. పెద్దవాడు తనకోసం ఎందుకు లేస్తున్నాడో బంగారయ్యకు ఇప్పటికీ తెలియదు.

ఇంతవరకూ చెప్పి నూకరాజు మేస్త్రీ ఆగాడు. షెడ్డు రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. సన్యాసిరావు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "అయితే గురువుగారూ, ఆ అద్దం తుడిచిందెవరంటారు?" అన్నాడు.

మేస్త్రీ మాత్రం, "పొద్దున్న నువ్వు దీపం ఆర్పి పంపించిన బండి ఎటు ఎళ్ళింది?" అని అడిగాడు.

సన్యాసిరావు ఉలిక్కిపడ్డాడు. దీపం ఆర్పి పంపించేసిన సంగతి తను ఇంకా చెప్పనేలేదు. "ఘాట్ ఎక్కి పాడేరు ఎళ్తన్నామన్నారండి," అన్నాడు మెల్లగా.

"ఎడం పక్క సీట్లో ఎవరు కూచున్నారు?"

సన్యాసిరావు గుర్తుతెచ్చుకోబోయాడు. డబ్బా గుర్తుంది, తీగలు గుర్తున్నాయి, తను చుట్టిన టేపు గుర్తుంది. "చూడలేదండి," అన్నాడు.

"నేనూ ఆవేళ చూడలేదు," అన్నాడు మేస్త్రీ.